గృహగ్రంథసంచయములు – దూరనిక్షేపము
(వికారాబాదు, తాండూరు ప్రాంతముల దృష్టితో నొక విచారము)

ప్రాచీనగ్రంథములు నేఁటివఱకు నిలిచియుండుటకు వానిని వ్రాసిన తాటాకుల గట్టితనము కారణము కాదు. తాటాకునకుఁ జెదయు, తేమయు, అగ్నియు శత్రువులు. ఒక యింట నశించిన గ్రంథమునకు మఱియొక యూర మఱియొక ప్రతి యుండుటచేతనే యది దక్కినది. సి. పి. బ్రౌను పండితులను నియమించి, పలుచోట్లనుండి వ్రాఁతప్రతులను దెప్పించి, యొండొంటితో సరిపోల్పించి, శుద్ధప్రతులను వ్రాయించెను. ఆ ప్రతులు మదరాసులోని ప్రాచ్యలిఖితపుస్తకభాండాగారమును జేరి నేఁటికిని పరిశోధకులకు వినియోగపడుచున్నవి. దీనికి విపరీతమైన దృష్టాంతము తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనములు. అవి తాటాకుకంటె నెంతయో దృఢమైన రాగిఱేకులపైఁ జెక్కఁబడి తిరుమలలో భద్రపఱుపఁబడినవి. అన్నమాచార్యులు 32,000 సంకీర్తనములు రచించెనని ప్రతీతి. నేఁడు లభించునవి సుమారు 14,000 మాత్రమే. కావున గ్రంథరక్షణమున కాధారము వస్తువు దృఢత్వము కాదు, ప్రతుల బాహుళ్యమును స్థలభేదమును. ఈ సూత్రము నేఁటి కంప్యూటరు ప్రతులకును యథాతథముగా వర్తించును.

వికారాబాదు, తాండూరు ప్రాంతముల యిండ్లలోని కాగితములకు విశేషమైన విలువ కలదు. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్విభజనము జరుగువఱకు తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలోనిది. కొడంగలు తాలూకాయు నట్టిదే. ఆ సంవత్సరముననే యవి గుల్బర్గానుండి వేఱుచేయఁబడి తెలుఁగు రాష్ట్రమునఁ జేర్పఁబడినవి. 2016 అక్టోబరు 11వ తేదీన వికారాబాదు ప్రత్యేకజిల్లా యయ్యెను. పాలనము చేతులు మాఱినప్పుడెల్లఁ గచేరీల దస్తరములు చెదరుట సహజము. అట్టి సీమలో గృహస్థుల పెట్టెలలోని ఉర్దూ దస్తావేజులు, కన్నడ మరాఠీ లెక్కపుస్తకములు, తెలుఁగు యక్షగానప్రతులు, భజనకీర్తనల నోటుపుస్తకములు, పాతపత్రికల సంపుటములు చరిత్రకుఁ బ్రత్యేకసాక్ష్యములగుచున్నవి. ఇట్టివానిని స్కానింగు చేసి కంప్యూటరున దాఁచుట, వృద్ధులు పాడు పాటలను ధ్వనిముద్రణము చేయుట యిప్పుడు బడిపండితునకు సైతము సాధ్యమైన పని. చేసినదానిని నిలుపుట మాత్రము కష్టమైన పని.

సంచయముయొక్క పరిమాణము

మొదట సంచయ మెంతటిదో లెక్కింపవలయును. ఎనిమిది యంగుళముల పొడవు, అయిదంగుళముల వెడల్పుగల పుటను అంగుళమునకు 400 చుక్కల చొప్పున రంగులలో స్కానింగు చేసినచో 64 లక్షల చుక్కలగును. చుక్కకు మూఁడు బైట్లు. అనఁగా, కుదింపని చిత్రమైనచోఁ బుటకు సుమారు 19 మెగాబైట్లు. మున్నూఱు పుటల పుస్తకమునకు సుమారు 5.8 గిగాబైట్లు. ఇట్టి పుస్తకములు 350 యున్నయెడల మొత్తము రెండు టెరాబైట్లు, అనఁగా రెండు లక్షల కోట్ల బైట్లు. ఒక పండితుని యింటి గ్రంథసంచయ మింతటి దగుటలో వింతలేదు. చిత్రములను జేపెగ్ రూపమునఁ గుదించినచోఁ బరిమాణము మిక్కిలి తగ్గును గాని, కొంత సూక్ష్మాంశము నశించును; నశించినది మఱల రాదు. కావున అచ్చుపుస్తకములకుఁ గుదింపు చాలును. ఒకేయొక ప్రతిగల వ్రాఁతలకుఁ గుదింపనిదే యుచితము. ఈ భేదమును ముందే పాటించినవానికి తరువాతి వ్యయము సగము తీఱును.

ఒకచోటి ప్రమాదము

వికారాబాదు చేరువనున్న అనంతగిరికొండలలో మూసీనది జన్మించుచున్నది. 1908 సెప్టెంబరు 28వ తేదీన ఆ నదియే హైదరాబాదు నగరమును ముంచి వేలకొలఁది ప్రాణములను హరించెను. మృతులు సుమారు 15,000 అని యంచనా. ఒక యింట నొకే గదిలో నెన్ని ప్రతులున్నను వరదకు వానియందు భేదము లేదు. అగ్నికిని, చోరునికిని, పిడుగుపాటున విద్యుత్తీగలవెంట వచ్చు పోటునకును నంతియే. కంప్యూటరులోని హార్డుడిస్కు, దాని ప్రక్కనే బల్లపై నున్న మఱియొక డిస్కు – ఇవి రెండు ప్రతులుగాఁ గనఁబడినను అపాయము వచ్చినప్పు డొకటియే.

ఇంతకంటెను గూఢమైన ప్రమాద మొకటి కలదు. పెక్కురు తమ ఫోనునందలి చిత్రములు "పైన" నున్నవని నిశ్చింతగా నుందురు. అది తఱచు సమన్వయము, అనఁగా రెండుచోట్ల నున్నదానిని ఎల్లప్పుడు నొకే తీరున నుంచు ఏర్పాటు. ఇచ్చట నొక సంపుటమును పొరపాటునఁ జెఱిపినచో నచ్చటను జెఱుగును. డబ్బుకై కడతములకు రహస్యపుతాళము వేయు దుష్టప్రోగ్రాము కంప్యూటరును బట్టినచో, ఆ చెడిన రూపమే దూరస్థానమునకును బోవును. బ్యాకప్పు అనునది వేఱు. అది నిన్నటి ప్రతిని, మొన్నటి ప్రతిని వేర్వేఱుగా నిలుపును; చెఱిపినదానిని గొంతకాలము దాఁచియుంచును. ఏ సేవను గొనఁబోయినను మొదట నడుగవలసిన ప్రశ్న యిది: చెఱిపిన కడత మెన్నిదినములు లభ్యమగును?

మూఁడు ప్రతుల నియమము

అమెరికాదేశపు ఛాయాచిత్రకారుఁడు పీటర్ క్రోగ్ ప్రచారములోనికిఁ దెచ్చిన నియమ మొకటి లోకమున బాగుగా నాటుకొన్నది. ప్రతులు మూఁడుండవలయును; అవి రెండువిధములైన సాధనములపై నుండవలయును; వానిలో నొకటియైనను మఱియొక స్థలమున నుండవలయును. తెలుఁగు పండితులకిది క్రొత్త కాదు. పూర్వము గురుశిష్యులయిండ్లలోఁ బ్రతులుండిన తీరే యిది.

ఈ నియమమును పాటించుటకు వికారాబాదు, తాండూరు ప్రజలకుఁ బ్రకృతియే తోడ్పడుచున్నది. రెండూళ్లకును నడుమ రైలుమార్గమున దూరము సుమారు 40 కిలోమీటర్లు. వికారాబాదు పక్కనుండి మూసీ తూర్పునకుఁ బోవుచుండఁగా, తాండూరునొద్దనున్న కాగ్నానది పడమరకుఁ బోయి భీమలోఁ గలియుచున్నది. ఒక నదికి వచ్చిన వరద రెండవయూరిని ముంచదు. కావున వికారాబాదువాఁడొక డిస్కును తాండూరులోని మిత్రునియింటను, తాండూరువాఁడొక డిస్కును వికారాబాదు మిత్రునియింటను నుంచుకొని, యాఱునెలలకొకమాఱు మార్చుకొనుచున్నచో, ఏమియు వ్యయములేని నిక్షేప మేర్పడును. అయితే తాండూరున నాపరాతిగనులును, రాతికి మెఱుఁగుపెట్టు కర్మాగారములును మెండు. ఆ పొడి యంత్రముల విసనకఱ్ఱలలోఁ జేరును. డిస్కును మూఁతగట్టిగాఁగల పెట్టెలో నుంచుట మంచిది. మఱియు డిస్కు శాశ్వతము కాదు. నడిపినను నడుపకున్నను గొన్నియేండ్లకుఁ జెడును. చెడకముందే క్రొత్తదానిలోనికిఁ బ్రతి తీయవలయును.

ఈ యేర్పాటుతో రెండు ప్రతులు దక్కును. మూఁడవది దూరమున నుండవలయును. దానికే నేఁడు క్లౌడు అని పేరు.

క్లౌడనఁగా నేమి

పేరు మేఘమైనను వస్తువు మేఘము కాదు. అది భూమిమీఁద ఇటుకలతోఁ గట్టిన భవనము. లోపల డిస్కులు, విద్యుత్తు, చల్లదనము నిచ్చు యంత్రములు. అమెజాను సంస్థ 2016లో ముంబయిలోను, 2022 నవంబరులో హైదరాబాదులోను నిట్టి కేంద్రములను దెఱచినది. హైదరాబాదు కేంద్రపు భవనములలోఁ గొన్ని వికారాబాదు జిల్లాకుఁ బొరుగైన రంగారెడ్డి జిల్లాలోని చందనవెల్లివద్దనే యున్నవి. అట్టి సేవలో స్థలమును గొనువాఁడే యెంచుకొనవచ్చును. వికారాబాదు గృహస్థుఁడు మూఁడవప్రతికి ముంబయిని గాని, మఱింత దూరపుఁజోటును గాని యెంచుకొనుట వివేకము. దగ్గఱిది వేగముగా నడచునను మాట నిజమే. కాని మూఁడవప్రతికి వేగముకంటె దూరమే ముఖ్యము.

భవనము గావున దానికిని అగ్నిభయము కలదు. 2021 మార్చి 10వ తేదీన ఫ్రాన్సుదేశమున స్ట్రాస్‌బర్గులో ఓవీహెచ్ సంస్థ భవనము కాలిపోఁగా, వేఱుచోటఁ బ్రతిలేని ఖాతాదారులు సర్వమును గోల్పోయిరి. 2025 సెప్టెంబరు 26వ తేదీన దక్షిణకొరియాలోని డేజాన్ నగరమున ప్రభుత్వసమాచారకేంద్రము తగులఁబడఁగా, ఉద్యోగుల పత్రములుంచిన జీ-డ్రైవు అను భాండారము 858 టెరాబైట్లతో నశించినది. పరిమాణము మిక్కిలి పెద్దదగుటచే దానికి బయటఁ బ్రతి తీయలేదని యధికారులు తెలిపిరి. సంచయము పెద్దదను కారణముననే ప్రతి తీయకుండుట యెంతటి యనర్థమో దీనివలన స్పష్టమగుచున్నది. గృహస్థుఁడును తఱచు నీమాటయే చెప్పుచుండును.

ఏ నిక్షేపము నెంచుకొనవలయును

పెద్దసంచయముగలవానిని మొదట నాకర్షించునది "అపరిమితము" అను మాట. దీని చరిత్ర తెలిసికొనఁదగినది. మైక్రోసాఫ్టు 2015లో తన వన్‌డ్రైవునందలి యపరిమితమైన వసతిని ఉపసంహరించుకొన్నది. అమెజాను 2017లో నట్లే చేసి, 2023 డిసెంబరు 31తో ఆ డ్రైవునే మూసినది. క్రాష్‌ప్లాన్ సంస్థ గృహస్థుల సేవను ముగించుచున్నామని 2017లో ప్రకటించి 2018లో ముగించెను. గూగులు ఛాయాచిత్రముల యపరిమితమైన యుచితవసతి 2021 జూను 1తో నాఁగెను. డ్రాప్‌బాక్సు 2023లో నపరిమితపథకమును విరమించెను. ఇందు మోసమని చెప్పఁబనిలేదు. అల్పముగా దాఁచువారి సొమ్ముతో నధికముగా దాఁచువారి వ్యయము గడచినంతకాలమే యట్టి పథకము నిలుచును. పెద్దసంచయముగలవాఁడు ఆ వ్యాపారమునకు నష్టముఁ గూర్చు ఖాతాదారుఁడు. నష్టముఁ గూర్చువానికిఁ జేసిన వాగ్దానము చిరకాలము నిలువదు. అట్టి సేవను వాడుకొనవచ్చును గాని, దానినే నమ్మి యింటిప్రతిని దీసివేయరాదు.

రెండవది కొలిచి వెలకట్టు సేవ: ఎన్ని టెరాబైట్లో యంత సొమ్ము. 2024 నాఁటి ధరల ననుసరించి బ్యాక్‌బ్లేజ్ సంస్థ బీ-2 సేవకు టెరాబైటునకు నెలకు ఆఱు డాలర్లు. రెండు టెరాబైట్లకు సంవత్సరమునకు 144 డాలర్లు. దాఁచినదానికి మూఁడురెట్లవఱకు నెలనెలయు నుచితముగాఁ దిరిగి తీసికొనవచ్చును.

మూఁడవది లోతైన నేలమాళిగవంటిది. అమెజాను గ్లేషియర్ డీప్ ఆర్కైవ్ అనున దిట్టిది, 2019లో మొదలైనది. అమెరికా కేంద్రములందు దీని వెల టెరాబైటునకు నెలకు సుమారు ఒక డాలరు. రెండు టెరాబైట్లకు సంవత్సరమునకు 24 డాలర్లు. కాని యందుంచినది వెంటనే రాదు. కోరిన పిమ్మటఁ బండ్రెండు గంటలనుండి నలువదియెనిమిది గంటలవఱకు వేచియుండవలయును. 180 దినములకు ముందే తీసివేసినను ఆ యవధికంతటికిని వెల చెల్లింపవలసినదే. సర్వమును దిరిగి యింటికిఁ దెచ్చుకొనునపుడు గిగాబైటునకు సుమారు తొమ్మిది సెంట్ల చొప్పున రెండు టెరాబైట్లకు 180 డాలర్లవఱకు నగును.

ఈ రెంటిలో నేది మేలు? లెక్కయే చెప్పును. మొదటిదానికి సంవత్సరమునకు 144. రెండవదానికి 24, తిరిగి తెచ్చునపు డొకసారి 180. సంవత్సరమునకు భేదము 120 గావున, ఏఁడాదిన్నర దాఁటినచో, ఒకసారి సర్వమును దెచ్చుకొన్నను రెండవదియే చౌక. కావున ఇంటను మిత్రునింటను రెండు మంచి ప్రతులుండి, మూఁడవది కేవలము మహాపద్రక్షణమునకైనచో నేలమాళిగ చాలును. ఇంట నొక ప్రతియే యుండి, తఱచు దూరపుఁ బ్రతిని దీసికొనవలసివచ్చువానికిఁ గొలిచి వెలకట్టు సేవయే తగును. అయితే నేలమాళిగను నడుపుటకుఁ గొంత యంత్రపరిజ్ఞానము కావలయును. ఏ సేవకైనను దాఁచు వెలను జూచి సంతోషింపక, తెచ్చుకొను వెలను జూచి నిశ్చయింపవలయును. ధాన్యమును గాదెలో నింపుట సులభమే. కఱవునాఁడు తలుపు తెఱచుకొనునా యనునదే ప్రశ్న.

పంపుటకు పట్టు కాలము

క్షణమునకుఁ బది మెగాబిట్ల వేగముతోఁ బైకిఁ బంపఁగల ఇంటర్నెట్టు కలదనుకొందము. రెండు టెరాబైట్లను బంపుటకు, రాత్రింబగళ్లు నాఁగకున్నను, పదునెనిమిదిన్నర దినములు పట్టును. ఏఁబది మెగాబిట్లైనచో నాలుగు దినములలోపల ముగియును. ప్రకటనలలోఁ జెప్పు వేగము తఱచు దిగుమతికి సంబంధించినది. పైకిఁ బంపు వేగము నడిగి తెలిసికొనవలయును. "అపరిమితము" అని చెప్పు పలు గృహపథకములకును మనదేశమున నెలకు 3,300 గిగాబైట్ల హద్దు కలదు. అది దాఁటినచో వేగము తగ్గును. కరెంటు పోయినప్పుడు నిలిచిన చోటనుండియే తిరిగి సాగించు ప్రోగ్రామును గైకొనవలయును. మఱియు క్రమము ముఖ్యము: లోకమున మఱియెచ్చటను లేనిది ముందు, అచ్చులో దొరకునది తరువాత. మొదటివారమున పాటల ధ్వనిముద్రణములు, వ్రాఁతప్రతులు చేరినచో, మిగిలినది నింపాదిగాఁ జేరవచ్చును.

పాఠశుద్ధి

పూర్వలేఖకులు గ్రంథాంతమున గ్రంథసంఖ్యను వేయుచుండిరి. ముప్పదిరెండక్షరముల కొక గ్రంథమను లెక్క. దానివలనఁ బ్రతిలో లోపమున్నదేమో తరువాతివారు గ్రహింపఁగలిగిరి. వేదపాఠకులు జటాపాఠము, ఘనపాఠము ననువానిచే నక్షరము జాఱకుండఁ గాపాడిరి. కంప్యూటరునఁ దత్తుల్యమైనది షా-256 అను గణితసంఖ్య. కడతములో నొక్క బిట్టు మాఱినను ఆ సంఖ్య పూర్తిగా మాఱును. ప్రతికడతమునకు నీసంఖ్యను గట్టి, పట్టికగా నుంచుకొని, ప్రతిసంవత్సరము మూఁడు ప్రతులతోను సరిచూడవలయును. దూరనిక్షేపమునుండి పది సంపుటములను యాదృచ్ఛికముగాఁ దెప్పించి తెఱచి చూడవలయును. ఒక్కమాఱైనను దిరిగి తెచ్చి చూడని ప్రతి, ప్రతి యని పేరున కేగాని నమ్మఁదగినది కాదు.

తాళపుచెవియు వారసులును

కుటుంబపత్రములు పరులకంటఁ బడకుండుటకు వానిని రహస్యలిపిలోనికి మార్చి పంపుట మంచిది. అట్లు మార్చు తాళము సంస్థవద్దఁ గాక గృహస్థునివద్దనే యున్నచో గోప్యత పూర్ణము. కాని యా పాస్‌వర్డు పోయినచో సంస్థయు నేమియుఁ జేయఁజాలదు. గృహస్థుఁడు చనిపోయి, దానిని మఱియెవ్వరు నెఱుఁగనిచోఁ దరతరముల కూర్పు బ్రదికియుండియు మృతమగును. వెల చెల్లింపు నిలిచినను నంతియే. విదేశసంస్థలకుఁ గార్డుమీఁద నెలనెల కట్టు సొమ్ముల విషయమున 2021 అక్టోబరు 1నుండి రిజర్వుబ్యాంకు నియమములు కఠినమైనవి. గడువు తీఱిన కార్డువలన చెల్లింపు తప్పవచ్చును. రెండేండ్లు వాడకయున్న వ్యక్తిగతఖాతాలను దొలఁగించు నియమమును గూగులు 2023లోఁ బ్రకటించినది. కావున సేవపేరు, ఖాతా, పాస్‌వర్డు, చెల్లింపు గడువు, డిస్కులున్న చోట్లు – వీనిని కాగితముపై వ్రాసి, వీలునామాతోఁగూడ నుంచి, కుటుంబమున నొకరికిని విశ్వసనీయుఁడైన శిష్యునికిని దెలుపవలయును. ఇంత సాంకేతికవిచారము పిమ్మటను తుదకు రక్షించునది యొక కాగితపుముక్కయే.

లోకమునకీయఁదగినది

సంచయమంతయు రహస్యము కాదు. మనదేశమున రచయిత మరణించిన పిమ్మట 60 సంవత్సరములు గడచిన గ్రంథములు సర్వజనస్వామ్యమగును. అట్టివానిని ఇంటర్నెట్ ఆర్కైవు వంటి బహిరంగభాండారములందుంచుట వ్యయములేని రక్షణము, లోకోపకారము కూడ. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సేకరించిన తెలుఁగు పుస్తకము లా సంస్థ జాలస్థలము మూఁతపడిన పిమ్మటను నేఁడు చదువుటకు లభించుచున్నవనిన, వాని ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవున నుండుటచేతనే. అయినను 2024 అక్టోబరున ఆ యార్కైవును దుండగులదాడికి లోనై కొన్నిదినములు మూఁతపడెను. ఒకరిపైననే భారమువేయరాదను సూత్రమున కదియు మినహాయింపు కాదు.

పైవిచారమువలనఁ దేలునది యిది. దూరనిక్షేపము మొదటిప్రతికి బదులు కాదు, అది మూఁడవప్రతి. దాని నెంచుకొనునపుడు పరిమాణమునకు ముందు నిలుకడను, దాఁచు వెలకు ముందు తెచ్చుకొను వెలను, సంస్థ వాగ్దానమునకు ముందు చెఱిపినది తిరిగివచ్చు గడువును, దగ్గఱితనమునకు ముందు దూరమును విచారింపవలయును. 1908 నాఁటి వరద పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలపై మూసీమీఁద ఉస్మాన్‌సాగరమును (1920), ఈసీమీఁద హిమాయత్‌సాగరమును (1927) నిర్మించిరి. ఒక యేటికే కట్టవేసి నగరము క్షేమమని యప్పటివారు తలంపలేదు. ఈ సీమలోని పండితులును తమ యిండ్లలోని వ్రాఁతలవిషయమున నంతటి ముందుచూపు వహించుట కర్తవ్యము. ఏలయన తాండూరు పెట్టెలోని యొక కన్నడ లెక్కపుస్తకమునకుఁ గాని, అనంతగిరి పల్లెలో నొక ముదుసలి పాడిన పాటకుఁ గాని, లోకమున మఱియొక ప్రతి లేదు.